కేస్ షీట్‌లో నొప్పికీ ఒక గడి పెట్టండి

సంపాదకులకు,

అయ్యా,

సర్జికల్ వార్డుల్లో నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని. ఏ ఆసుపత్రి పేరూ ఎత్తను, ఇది ఒక్కచోటి సంగతి కాదు. కడుపు కోసి పెద్ద ఆపరేషన్ చేసిన మర్నాడు రౌండ్స్‌లో తప్పకుండా వినిపించే ప్రశ్నలు రెండు: గ్యాస్ పోయిందా, జ్వరం ఉందా. నొప్పి ఎంతుందని అడిగేవారు తక్కువ. కేస్ షీట్‌లో నాడికి, బీపీకి, మూత్రానికి గడులుంటాయి, నొప్పికి ఉండదు.

నొప్పి మందు ఎదురుగా ‘ఎస్‌ఓఎస్’ అని రాసి వదిలేస్తారు. అంటే రోగి అడిగితే ఇవ్వాలి. ఆలూరు నుంచో పత్తికొండ నుంచో వచ్చిన ముసలామె అర్ధరాత్రి నోరు తెరిచి అడుగుతుందా? సిస్టరమ్మ కసురుకుంటుందేమోనని పళ్లు బిగించి పడుకుంటుంది. వార్డంతటికీ ఒక్క నర్సే ఉంటే ఆమె మాత్రం ఎంతమంది ముఖాలు చూడగలదు? ‘ఆపరేషన్ అన్నాక నొప్పి ఉండదామ్మా, ఓర్చుకో’ అని బంధువులే నోరు మూయిస్తారు.

ఓర్చుకుంటే పోయేది కాదిది. పొట్టమీద పెద్ద కోత ఉన్న మనిషి నొప్పికి జడిసి నిండుగా ఊపిరి పీల్చడు, దగ్గడు. కఫం పేరుకుంటుంది, ఊపిరితిత్తుల అడుగు భాగం ముడుచుకుపోతుంది, న్యుమోనియా వస్తుంది. మంచం దిగకపోతే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. కొందరికి కుట్లు మానినా నెలల తరబడి నొప్పి మిగిలిపోతుంది. అందుకే నొప్పి ఎంతుందో కదలకుండా పడుకున్నప్పుడే కాక, ఒకసారి దగ్గించి కూడా అడగాలి. పడుకుని ‘ఏం లేదు’ అన్నవాడే దగ్గేసరికి పదికి ఎనిమిది అంటాడు. అంకెలు చెప్పలేనివారిని ‘రూపాయిలో ఎంత? పావలానా, అర్ధా, ముప్పావలానా?’ అంటే ఠక్కున చెబుతారు. తలగడ పొట్టకు అదిమి పట్టుకుని దగ్గితే నొప్పి తగ్గుతుందని కూడా చెప్పాలి. (ఆ తలగడ ఇంటి నుంచి తెచ్చుకోవాల్సిందే, అది వేరే ఉత్తరం.)

మందులు లేకా కాదు. లివర్ బాగున్న, యాభై కిలోలు దాటిన పెద్దవారికి పారాసెటమాల్ 1 గ్రాము చొప్పున ఆరు గంటలకోసారి, అడిగినా అడగకున్నా, రోజుకు 4 గ్రాములు మించకుండా ఇవ్వవచ్చు. మత్తు డాక్టరు తిమ్మిరి మందు ఎక్కించేందుకు వెన్నులో సన్నని ఎపిడ్యూరల్ గొట్టం అమర్చినా, పొట్ట గోడ కండరాల మధ్య ట్యాప్ బ్లాక్ అనే తిమ్మిరి సూది ఇచ్చినా మార్ఫిన్ వంటి గట్టి నొప్పి మందుల అవసరం చాలావరకు తగ్గుతుంది. డైక్లోఫెనాక్ అనే నొప్పి సూది అందరికీ పనికిరాదు. కిడ్నీలు దెబ్బతిన్నవారికి, ఒంట్లో నీరు తగ్గినవారికి ప్రమాదం. మోకాళ్ల నొప్పులకు ఆ మందు బిళ్లలే మింగీ మింగీ కడుపులో పుండు పగిలి ఆపరేషన్ బల్ల మీదికొచ్చినవాళ్లు ఎందరో.

మార్ఫిన్ అంటే ఇప్పటికీ లైసెన్సుల భయం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించి, గుర్తింపు పొందిన ఆసుపత్రులు మార్ఫిన్, ఫెంటానిల్ వంటివి తేలిగ్గా తెచ్చుకునే దారి ఏర్పరిచారు. కొద్ది రోజులు కొలిచి ఇస్తే వ్యసనం కావడం అరుదు. అసలు కాచుకోవాల్సింది శ్వాస మందగించడాన్ని. మగత, శ్వాస చూసుకునే మనిషి, చేతికందేంత దగ్గర్లో మార్ఫిన్‌కు విరుగుడైన నాలోక్సోన్ ఉండాలి. ఇక్కడే నా పట్టు: నర్సుల ఖాళీలు నింపకుండా నొప్పి మందు ఎక్కించే ఖరీదైన పంపులు కొనడం దండగ.

కర్నూలు, అనంతపురం, కడప బోధనాసుపత్రుల్లో మత్తు విభాగాలున్నాయి. సాయంత్రం ఒక మత్తు డాక్టరు ఆపరేషన్ అయినవారి మంచాల దగ్గరకు ఒక చుట్టు రావాలి. చార్ట్‌లో నొప్పికి గడి అచ్చు వేయించాలి. ఆపరేషన్ తర్వాత మొదటి 48 గంటలూ నొప్పి మందుకు ‘ఎస్‌ఓఎస్’ రాయడం మానిపించాలి. ఈ మూడింటికీ కొత్త భవనం అక్కర్లేదు, సూపరింటెండెంట్లు ఒక సర్క్యులర్ ఇస్తే వచ్చే నెల నుంచే మొదలుపెట్టవచ్చు.

— ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, బి.క్యాంపు, కర్నూలు