వార్షిక నివేదిక 2024–25: చేనులో పొడవు తీగ, ఎర్తింగుతో తంటా

సభ్య మిత్రులకు నమస్కారం.

ఈ ఏడు మన హ్యామ్ (అభిరుచి) రేడియో సంఘం శ్రమలో ఎక్కువ భాగం ఒక్క తీగకూ, దాని రెండు కొసల ఎర్తింగుకూ పోయింది. కాబట్టి మిగతావి ముందే రెండు ముక్కల్లో చెప్పేస్తాను. లైసెన్సు పరీక్ష రాసేవారికి ఆదివారం మోర్స్ తరగతులు ఆగకుండా నడిచాయి. మన మాటలను అందుకుని దూరానికి తిరిగి పంపే రిపీటర్‌కు బ్యాటరీలు మార్చాం. జమాఖర్చుల పట్టిక జతచేశాం. అనుమానాలుంటే కోశాధికారిని సర్వసభ్య సమావేశంలో అడగండి, రిపీటర్ మీద మాత్రం వద్దు.

ఇక తీగ సంగతి. 1.8, 3.5 మెగాహెర్ట్జ్ బ్యాండ్లలో మన సిగ్నల్ యూరప్‌కు చేరుతోంది. వాళ్ల జవాబు మాత్రం ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్ల రొదలో మునిగిపోతోంది. అందుకని వినడానికి విడిగా బెవరేజ్ యాంటెన్నా, అంటే నేలకు దగ్గరగా లాగే పొడవాటి తీగ, వేయాలని తీర్మానించాం. హెరాల్డ్ బెవరేజ్ దీనికి 1921లో పేటెంటు పొందాడు. ఆ డిసెంబరులోనే అమెరికా హ్యామ్ పాల్ గాడ్లీ స్కాట్లండ్‌లోని ఆర్డ్రోసన్ దగ్గర ఇలాంటి తీగే కట్టి అమెరికా హ్యాముల సంకేతాలు పట్టుకున్నాడు.

పాలమూరు వైపు సభ్యుడొకరు వేరుశనగ పీకేసిన చేను ఇచ్చారు. వెదురు బొంగుల మీద రెండున్నర మీటర్ల ఎత్తున, వాయవ్య దిశగా, 180 మీటర్ల అల్యూమినియం తీగ లాగాం. రాగి తీగైతే తెల్లారేసరికి ఉండదన్న పెద్దల మాట విన్నాం. ఊళ్లోవాళ్లు మాత్రం అడవిపందులకు కరెంటు పెడుతున్నామని భయపడ్డారు. ఆ భయం ఉత్తదేం కాదు, అలాంటి తీగలకు మనుషులూ బలవుతున్నారు. ఇంటింటికీ చెప్పి, బోర్డు కట్టాకే పని మొదలుపెట్టాం.

ఈ యాంటెన్నాకు నాసిరకం నేలే కావాలి. నేల వాహకత తక్కువైనచోట రేడియో అల కింది అంచు వెనకబడి, అల ముందుకు వాలుతుంది. ఆ వాలు వల్లే తీగ పొడవునా విద్యుత్తు పుడుతుంది. ఉప్పునీటి మీద అల నిటారుగా నిలబడుతుంది గనుక అక్కడ బెవరేజ్ పెద్దగా పనిచేయదు. ఆ లెక్కన మన చల్క నేల మంచిదే. తీరా ఎర్తింగు దగ్గరికొచ్చేసరికి అదే నేల మొండికేసింది.

మన తీగ స్వభావ నిరోధం లెక్కకు 520 ఓముల దగ్గర వస్తుంది. యూరప్ వైపు కొసను అంతే విలువున్న రెసిస్టరుతో నేలకు కలపాలి. అప్పుడే వెనక నుంచి వచ్చే సిగ్నలూ రొదా అక్కడ ఇంకిపోతాయి. అయితే రెసిస్టరుకు ఎర్త్ రాడ్ నిరోధం కూడా తోడవుతుంది. మట్టి నిరోధకత 200 ఓమ్-మీటర్లయితే 1.2 మీటర్ల రాడ్ ఒక్కటే 140 ఓముల దాకా ఇస్తుంది. అదే మట్టి తడిసి 50కి దిగితే 35 ఓములు. వాన కురిసిన వారం సరిపెట్టిన రెసిస్టరు మాఘానికి తప్పుతుంది. ఇక్కడ నిరోధం తక్కువగా ఉండటంకన్నా నిలకడగా ఉండటం ముఖ్యం.

ఉప్పు, బొగ్గు వేసి గుంత తీద్దామని కొందరు పట్టుబట్టారు. కరెంటు ఎర్తింగుకు అలవాటైన పద్ధతే. కాని ఉప్పు రాడ్‌ను తినేస్తుంది, పైగా ఏటా నీళ్లు పోస్తూ ఉండాలి. రైతు చేనులో ఉప్పు పోయడం నాకసలు ఇష్టం లేదు. చివరికి రాడ్‌కు తోడుగా 12 మీటర్ల ఇన్సులేటెడ్ తీగలు నాలుగేసి, యాంటెన్నాకు అడ్డంగా, నేలమీద పరిచాం. అవి మట్టిలోకి దిగక్కర్లేదు, కెపాసిటర్‌లా నేలతో కలుస్తాయి. ఎండినా తడిసినా తేడా బాగా తగ్గింది. సరిచూడటానికి పెద్ద పరికరాలేవీ అక్కర్లేకపోయింది. తీగను కేబుల్‌కు కలిపే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర యాంటెన్నా అనలైజర్ పెట్టి, 1 నుంచి 8 మెగాహెర్ట్జ్ దాకా ఎస్‌డబ్ల్యూఆర్ (సిగ్నల్ ఎంత వెనక్కి తిరుగుతోందో చెప్పే కొలత) గీత అలల్లేకుండా చదునయ్యేదాకా రెసిస్టరు మార్చాం.

రేడియోలుండే గది (షాక్) వైపు కొసన ఇంకో చిక్కు. కోయాక్స్ కేబుల్ పైజాలిని (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు అల్లికను) తీగ ఎర్తుకే కలిపితే ఇంటి రొదంతా దాన్ని పట్టుకుని యాంటెన్నాలోకి ఎక్కుతుంది. నిరోధాన్ని తొమ్మిదో వంతుకు దించే ఆ 9:1 ట్రాన్స్‌ఫార్మర్‌ను రెండు విడి చుట్లతో కట్టి, పైజాలికి అయిదు మీటర్ల అవతల వేరే రాడ్ ఇచ్చి, కేబుల్ పైనుంచి వచ్చే రొదను ఆపే ఫెరైట్ చోక్ పెట్టాక ఆ రొద పోయింది. పొరుగు చేనుల కంచెలకు షాక్ ఇచ్చే ఝట్కా మిషన్ల టక్ టక్ మాత్రం వినపడుతూనే ఉంది. దానికి కారణం ఆ మిషన్ల వాళ్ల కంచెలోనే ఉంది: వదులైన తీగ ముడులు, పగిలిన ఇన్సులేటర్లు. వెళ్లి బాగుచేసిపెడితే ఇద్దరికీ లాభం.

2024 అక్టోబరులో సూర్యుడు గరిష్ఠ దశకు చేరాడని నాసా ప్రకటించింది. ఇలాంటి ఏళ్లలో 1.8 మెగాహెర్ట్జ్ అంతగా పలకదు. అయినా చలికాలపు తెల్లవారుజామున యూరప్ స్టేషన్లు ఈ తీగమీద చదవదగ్గట్టుగా వినిపించాయి, నిలువు యాంటెన్నా మీద రొద తప్ప ఏమీ లేదు.

ఏప్రిల్ ఉరుములకు ముందే తీగ దించేశాం. దగ్గర్లో పిడుగు పడినా కొసన ఉన్న రెసిస్టరు తెగిపోవచ్చు, కాబట్టి మళ్లీ కట్టేటప్పుడు మల్టీమీటరుతో చూడాలి. వైరు చుట్టిన రెసిస్టర్లు ఎవరూ తేవద్దు, అవి కాయిల్‌లా ప్రవర్తిస్తాయి. కార్బన్‌వే తేవాలి. రాడ్లు గట్టు మీదే ఉన్నాయి, నాగలికి తగలవు, ఉంచుకోమని రైతు ఒప్పుకున్నారు. చేను ఖాళీ కాగానే బొంగులు మోయడానికి మనుషులు కావాలి. రాగలవారు పేర్లు నాకివ్వండి.

కార్యదర్శి