సంతకాల కాగితం మా కౌంటర్ మీద ఎందుకు పెట్టలేదంటే

మన కస్టమర్లందరికీ నమస్కారం.

ముందు రేట్ల సంగతి. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి దోసెలన్నిటి మీదా ఒక డాలరు పెరుగుతోంది. ఇడ్లీ, ఉప్మా, ఫిల్టర్ కాఫీ పాత రేటుకే. మినప్పప్పు, నెయ్యి పిరమయ్యాయి, కొత్త లీజులో షాపు అద్దె కూడా పెరిగింది. పెంచక తప్పలేదు.

ఇక రెండో విషయం. మా షాపుకి దగ్గర్లో చాలాకాలంగా మూతపడి ఉన్న ఒక పాత హోటల్‌ని సపోర్టివ్ హౌసింగ్‌గా మార్చాలన్న ప్రతిపాదన నడుస్తోంది. అంటే ఇన్నాళ్లూ షెల్టర్లలో, ఫుట్‌పాత్‌ల మీద గడిపినవాళ్లకి వాళ్ల పేరు మీదే లీజు రాసి గది ఇస్తారు. సోషల్ వర్కర్లు అదే బిల్డింగులో ఉంటారు. ఇది వద్దంటూ కొందరు సంతకాలు సేకరిస్తున్నారు. ఆ కాగితం మా కౌంటర్ మీద పెట్టమని అడిగినవాళ్లలో ఏళ్ల తరబడి మా దగ్గర తింటున్నవాళ్లూ ఉన్నారు. పెట్టనన్నాను. "రేపు దెబ్బతినేది మీ వ్యాపారమే" అని ఒకాయన నొచ్చుకుని వెళ్లిపోయారు. ఆయనకీ, మీకూ కారణం చెప్పాలి కదా.

ఇలా మారిన పాత హోటల్ ఒకటి మన న్యూయార్క్‌లోనే ఉంది. లెక్సింగ్టన్ అవెన్యూ నుంచి ఇరవై ఎనిమిదో వీధిలో పడమరగా నడవండి. మాడిసన్ దాటగానే ప్రిన్స్ జార్జ్ వస్తుంది. 1904లో కట్టిన హోటల్. 1980లలో సిటీ అందులో ఇల్లులేని కుటుంబాలని కుక్కింది. తల్లీ పిల్లలూ అందరూ ఒకే గదిలో, రేపు ఎక్కడుంటామో తెలియకుండా బతికారు. ఆ రోజులు చూసిన పాతకాపులు ఇప్పటికీ ఆ పేరు వింటే ముఖం చిట్లిస్తారు. వాళ్ల భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ వాళ్లు చూసింది కిక్కిరిసిన తాత్కాలిక మకాంని. కామన్ గ్రౌండ్ అనే సంస్థ 1996లో ఆ బిల్డింగుని కొని, బాగుచేసి, 1999లో 416 స్టూడియో గదులతో తెరిచింది. ప్రతి గదికీ సొంత బాత్రూమ్, చిన్న వంటగట్టు ఉన్నాయి. ఇల్లు లేకుండా గడిపినవాళ్లూ, తక్కువ జీతాలకి పనిచేసేవాళ్లూ పక్కపక్క గదుల్లో ఉంటారు. గది ఊరికే ఇవ్వరు, అద్దెగా వాళ్ల ఆదాయంలో 30 శాతం దాకా కడతారు. ఆ సంస్థ పేరు ఇప్పుడు బ్రేకింగ్ గ్రౌండ్. దాన్ని మొదలుపెట్టిన రోజాన్ హాగర్టీ అంతకుముందే నలభై మూడో వీధిలో టైమ్స్ స్క్వేర్ హోటల్‌ని 652 గదులతో ఇలాగే నిలబెట్టారు.

ప్రిన్స్ జార్జ్‌లో ఒక బాల్‌రూమ్ ఉంది. ఒక రిసెప్షన్‌కి భోజనాలు వడ్డించడానికి వెళ్లినప్పుడు చూశాను. సాంబారు గిన్నెలు దించుతూ తలెత్తితే సీలింగు నిండా ప్లాస్టర్ పూలు, రంగులద్దిన చట్రాలు. ఏళ్ల తరబడి పాడుబడ్డ ఆ హాలుని బాగుచేసిన చేతుల్లో పని నేర్చుకుంటున్న కుర్రవాళ్లవీ ఉన్నాయి. ఇప్పుడు దాన్ని ఫంక్షన్లకి అద్దెకిస్తారు, ఆ డబ్బు సంస్థ నడపడానికి పనికొస్తుంది. అన్నం పెట్టే వ్యాపారంలో ఉన్నవాణ్ణి, ఒక హాలు తన ఖర్చు తాను సంపాదించుకుంటూ పైనున్నవాళ్లకి ఆసరా కావడం నాకెంతో నచ్చింది.

"మన పన్నులన్నీ అక్కడికే పోతాయి" అన్నది ఇంకో మాట. చారిత్రక కట్టడంగా గుర్తింపు ఉన్న బిల్డింగుని నిబంధనల ప్రకారం బాగుచేస్తే, అయిన ఖర్చులో 20 శాతం ఫెడరల్ పన్నులో మినహాయింపు వస్తుంది. తక్కువ ఆదాయం వాళ్ల ఇళ్లకి 1986 నుంచి వేరే టాక్స్ క్రెడిట్, అంటే పన్ను తగ్గింపు, ఉంది. ఈ రెండిటినీ చూపించి పెట్టుబడి తెస్తారు. అవును, అది ప్రజల డబ్బే. కానీ బదులుగా ముఖద్వారం, లాబీ, కిటికీల రూపం చెడకుండా కాపాడి తీరాలి. హోటల్ అంటే గదిగదికీ కిటికీ, నీళ్ల లైను ముందే ఉంటాయి, కాబట్టి ఈ పనికి బాగా కుదురుతుంది. ఖాళీగా వదిలేస్తే పైకప్పు కారి, గోడలు నానిపోతాయి. అప్పుడు మనిషికీ ఇల్లుండదు, వీధికీ అందం మిగలదు.

అపార్ట్‌మెంట్ రేటు పడిపోతుందేమోనని ఇద్దరు ముగ్గురు అడిగారు. న్యూయార్క్ యూనివర్సిటీలో ఇళ్ల సంగతులు పరిశోధించే ఫర్మన్ సెంటర్ 2008లో న్యూయార్క్‌లోని ఇలాంటి ఇళ్ల చుట్టుపక్కల ధరలు పరిశీలించింది. వీటివల్ల 500 అడుగుల లోపు ఆస్తుల విలువ తగ్గినట్టు తేలలేదు.

ఏ గొడవా రాదని నేను హామీ ఇవ్వలేను. ఇప్పుడు మాత్రం రావడం లేదా? మా గుమ్మం ముందు చలిలో ఒకాయన స్పృహ తప్పి పడిపోతే, ఆయన ఎవరో, ఎవరికి చెప్పాలో తెలియక 911కి ఫోన్ చేసి నిలబడ్డాం. రాత్రీ పగలూ మనిషి ఉండే ఫ్రంట్ డెస్క్ ఉంటే, వెళ్లి చెప్పడానికి ఒక తలుపు ఉంటుంది. షాపు నడిపేవాడిగా నాకు కావలసింది అదే.

షెల్టర్‌లో చాలాకాలం గడిపి, ఇలాంటి గది దొరికిన ఒక పెద్దాయన మధ్యాహ్నం రష్ తగ్గాక వస్తాడు. పేరు చెప్పను. ఇదివరకు కాఫీ ఒక్కటే తీసుకునేవాడు. మొన్న మాత్రం పప్పు గిన్నె వాసన చూసి, ఒంటి పొయ్యి మీద దీన్ని ఎలా చెయ్యాలని అడిగాడు. కందిపప్పు అరగంట నానబెట్టమని, పసుపు వేసి మెత్తగా ఉడికాకే ఉప్పు వేయమని చెప్పాను. బిల్లు వెనక రాసుకుని, పోపుకి నూనె ఎంత అని రెండోసారి అడిగి వెళ్లాడు.

వచ్చే గురువారం సాయంత్రం ఈ హోటల్ ప్రతిపాదన మీద కమ్యూనిటీ బోర్డు, అంటే మన పేట తరఫున సిటీకి సలహా ఇచ్చే సంఘం, సమావేశం ఉంది. ఎవరైనా మాట్లాడొచ్చు. నేను వెళ్లి, ఆ హోటల్ తెరవమనే చెబుతాను. వద్దనేవాళ్లు కూడా రండి, మీ మాట మీరు చెప్పండి. మన షాపులో మీకు ఎప్పటి మర్యాదే ఉంటుంది, అందులో తేడా రాదు. ఆ రోజు ఆరింటికే షాపు మూసేస్తాం. రాత్రి భోజనం ఆర్డర్లు అయిదున్నర లోపు తీసుకెళ్లండి. శుక్రవారం పొద్దున్న మామూలుగానే తెరుస్తాం.