వార్షిక నివేదిక 2024–25: కాలువ, కర్ర, ఎం బుక్

మన వీధి సంఘం సభ్యులందరికీ నమస్కారం.

శ్రీకాకుళంలో ఎన్నికైన మున్సిపల్ పాలకవర్గం గడువు 2010లో ముగిసింది. 2015లో నగరపాలక సంస్థ హోదా వచ్చింది గానీ ఎన్నిక రాలేదు. పాలకవర్గం అయిదేళ్ల గడువు తీరకముందే ఎన్నిక జరపాలని రాజ్యాంగం 243యు అధికరణంలో ఉంది. మన వీధిలో ముప్పై దాటిన పిల్లలు వార్డు సభ్యుడికి ఒక్కసారి కూడా ఓటు వేయలేదు. ఇంటి పన్ను మాత్రం ఆరు నెలలకోసారి కడుతూనే ఉన్నాం. ఇది మనకు జరుగుతున్న అన్యాయమే. మన తరఫున అడిగేవాళ్లు లేరు కాబట్టి ఈ ఏడాది మనమే అడగడం నేర్చుకున్నాం.

వాన పడితే పొంగే మన వీధి కాలువ గురించి పెట్టిన మొదటి సమాచార హక్కు దరఖాస్తులో తప్పు మనదే. ‘కాలువ ఎందుకు పొంగుతోంది?’ అని రాశాం. సమాచార హక్కు చట్టం కింద వచ్చేది రికార్డు, సంజాయిషీ కాదు. రెండోసారి పది రూపాయల ఫీజు కట్టి, కాలువ పని ఎస్టిమేట్ నకలు, కట్టిన పని కొలతలు రాసే ఎం బుక్ (మెజర్‌మెంట్ బుక్) పేజీలు అడిగాం. పని జరిగిన చోటును స్వయంగా తనిఖీ చేస్తామని కూడా రాశాం. ఆ హక్కు చట్టంలోని 2(జె)లోనే ఉంది, చాలామందికి తెలీదు. 30 రోజులు గడిచినా జవాబు లేదు. మొదటి అప్పీలు వేశాకే కాగితాలు చేతికొచ్చాయి.

కాగితాలు అందాక ఒక ఆదివారం పొద్దున్నే పారతో పూడిక తీసి, వెదురు కర్ర కాలువ అడుగుకి ఆనించాం. మన సభ్యురాలు ఒకావిడ, డెబ్భై ఏళ్ల మనిషి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని కర్ర పట్టుకున్నారు. పైకి తీసి, గట్టు అంచు దగ్గర కర్ర మీద పెట్టిన సుద్దగీత నుంచి కింది కొస దాకా టేపు పట్టాం. చాలాచోట్ల లెక్క సరిపోయింది. కల్వర్టు దగ్గర మాత్రం ఎం బుక్‌లో రాసిన లోతుకి జానెడు తక్కువ. వాన పడితే నీళ్లు వెనక్కి తన్నేది సరిగ్గా అక్కడే.

ఫోటోలు, నకళ్లు జతచేసి కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఇచ్చాం. ఇంజనీరు వచ్చి మళ్లీ కొలిచారు, ఆ ముక్క తవ్వి కట్టారు. మూల మలుపు దగ్గర పని ఇంకా మిగిలే ఉంది, వదిలేది లేదు.

వీధి దీపాల ఫిర్యాదులు తీరాయి. ఖర్చంతా జిరాక్సులకీ పోస్టుకీ అయింది, రసీదులు కార్యదర్శి దగ్గర చూడొచ్చు. నెలవారీ సమావేశాలకి వచ్చేవాళ్లు బాగా తగ్గారు, దయచేసి రండి.

వచ్చే ఏడాది కొత్త సిమెంటు రోడ్డు మందం చూడాలి. టేపు, కర్ర, దరఖాస్తు నమూనా కార్యదర్శి ఇంట్లో ఉన్నాయి. పక్క వీధివాళ్లు అడిగినా ఇవ్వండి.