వరంగల్ జిల్లా పశువైద్యాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మా చెరువు కట్ట కింద ఎవరో పాత బ్యాటరీలు పగలగొట్టి పారబోస్తున్నారు. బర్రెలు వాటిని నాకుతున్నాయి. ఆ బ్యాటరీల్లోని సీసం ఒంటికెక్కితే చూపు పోతుంది, పళ్లు కొరుకుతాయి, వణుకుతాయి.

మునగాకు, పసుపు, ఉసిరి పెడితే విషం విరుగుతుందని వాట్సాప్‌లో తిరుగుతోంది. పూర్తిగా అబద్ధమేం కాదు. సీసం, కాడ్మియం లాంటి విష లోహాలు ఒంట్లోని జీవకణాలను కాపాడే గ్లూటాథయోన్ అనే పదార్థాన్ని తగ్గించేస్తాయి. ఎలుకల మీద ప్రయోగాల్లో పసుపులోని కుర్కుమిన్ కాలేయం, కిడ్నీల దెబ్బను కొంత ఆపింది. కానీ ఎలుక వేరు, నాలుగు క్వింటాళ్ల బర్రె వేరు! కడుపులో పడ్డ సీసం ముక్కను మునగాకు బయటికి తీయదు కదా. రక్తంలోని సీసాన్ని పట్టి మూత్రంలో పంపే కాల్షియం ఈడీటీఏ సూది కావాలి, అదీ తొందరగా.

ఆ మందు మండల పశువుల దవాఖానలో ఉంచండి. రక్త పరీక్ష ఎక్కడ చేస్తారో బోర్డు పెట్టించండి. ఈలోపు ఆ బర్రెల పాలు పిల్లలకు పోయొచ్చా, వద్దా? అదీ చెప్పండి.

ఇట్లు,
ఒక పాడి రైతు