కెపాసిటర్‌కు ధర కాదు, చోటు ముఖ్యం

సంపాదకులకు నమస్కారం.

పాత స్టీరియో ఆంప్లిఫయర్లను బాగుచేయించుకునేవారిలో చాలామంది, పనికొచ్చే కెపాసిటర్లను (విద్యుదావేశాన్ని నిల్వచేసే భాగాలను) కూడా తీయించి, ‘ఆడియో గ్రేడ్’ అన్న ముద్ర చూసి ఖరీదైనవి వేయిస్తున్నారు. ధ్వని బాగుపడాలంటే ఏ చోట ఏ రకం వాడుతున్నామన్నదే అసలు లెక్క.

మన 230 వోల్టుల, 50 హెర్ట్జ్ కరెంటును ఏసీ నుంచి డీసీగా మార్చాక 100 హెర్ట్జ్ రిపుల్ (వోల్టేజీలో హెచ్చుతగ్గు) మిగులుతుంది; దాన్ని అణచే, లోపల ద్రవం ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఎండిపోతే స్పీకర్లో హమ్ అనే గుయ్‌మనే మోత మొదలవుతుంది. ఇక్కడ చూడవలసినవి అవసరానికి మించి తగినంత వోల్టేజీని తట్టుకునే శక్తి, రిపుల్ కరెంటును తట్టుకునే సామర్థ్యం, 105 డిగ్రీల సెల్సియస్ వేడిని తట్టుకునే రేటింగు. పనిచేసే చోట వేడి 10 డిగ్రీలు తగ్గితే దాని ఆయుష్షు సుమారుగా రెట్టింపవుతుంది కనుక వేడిని వెదజల్లే లోహపు హీట్‌సింకుకు ఆనించి బిగించడం ఎంత ఖరీదైనదాన్నైనా పాడుచేసుకోవడమే. ధ్వని సంకేతం వెళ్ళే సిగ్నల్ దారిలో మాత్రం ప్లాస్టిక్ పొరతో చేసిన పాలీప్రొపిలీన్ ఫిల్మ్ రకం మేలు. ఎక్స్7ఆర్ అనే రకం సిరామిక్ కెపాసిటర్ల విలువ వోల్టేజీని బట్టి మారుతుంది. పైగా అవి అదిరితే ఆ అదురే విద్యుత్ సంకేతమై ధ్వనిలో కలుస్తుంది.

డ్యాంపింగ్ (డోలనాలను అణచడం) గురించి మరింత శ్రద్ధ అవసరం. పెద్ద ఎలక్ట్రోలిటిక్‌కు సమాంతరంగా చిన్న ఫిల్మ్ కెపాసిటర్ కలపడం మంచిదని చాలామంది నమ్మకం. అయితే పెద్దదానికీ తీగలకూ ఉండే ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం), దాదాపు నష్టమే లేని ఆ చిన్న కెపాసిటర్‌తో కలిసి అధిక పౌనఃపున్యం వద్ద అనునాదానికి, అంటే అక్కడ డోలనాలు పెరగడానికి, దారితీయవచ్చు. అప్పుడు ఫిల్మ్ కెపాసిటర్‌కు శ్రేణిలో ఒక ఓం అటూఇటూగా రెసిస్టర్ చేరిస్తే ఆ డోలనాలు అణగుతాయి. కోఠీ గుజరాతీ గల్లీలో అతి చవకగా దొరికే ఈ రెసిస్టర్ చేసే మేలు ఖరీదైన కెపాసిటర్ చేయలేదు. పొడుగాటి కెపాసిటర్లు అదరకుండా బోర్డుకు అతికించడానికి ఆమ్లం వదలని న్యూట్రల్ క్యూర్ సిలికోన్ వాడాలి; వెనిగర్ వాసన వచ్చే రకం రాగిని తినేస్తుంది.

మెయిన్స్ తీగల మధ్య ఎక్స్2, మెయిన్స్‌కూ ఎర్తుకూ మధ్య వై2 వంటి భద్రతా తరగతివి తప్ప మామూలువి వేయడం ప్రాణాపాయం. కాబట్టి మరమ్మతు చేసేవారు మార్చిన ప్రతి కెపాసిటర్ విలువ, వోల్టేజీ, ఉష్ణోగ్రత, తరగతి బిల్లుపై రాసివ్వాలని, వినియోగదారులు కూడా అడిగి రాయించుకోవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, సికింద్రాబాద్