గుప్పెడు కిస్మిస్

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ అనుబంధంలో కుక్కలకు ఇంట్లోనే బిస్కెట్లు కాల్చుకునే విధానం సగం పేజీ వేశారు. రంగుల ఫొటో కూడా ఉంది. ఎముకల ఆకారంలో కోసిన బిస్కెట్లు, పక్కనే నాలుక బయటపెట్టిన తెల్లటి బొచ్చుకుక్క. ఆ పేజీ చూసి మా ఇంట్లో ముందుగా సంతోషించింది నేనే. 1984 నుంచి 2015 వరకు ముప్పై ఒక్క సంవత్సరాలు విజయనగరంలో ఒక బేకరీలో మాస్టారుగా పనిచేశాను. కుక్క బిస్కెట్టుకు కూడా పత్రికలో చోటు దొరికిందని ముచ్చటేసింది. కొలతలు చదువుతూ నాలుగో వరుసకు వచ్చాను. కళ్ళద్దాలు తీసి పంచెతో తుడుచుకుని మళ్ళీ చదివాను. "కిస్మిస్ గుప్పెడు" అని ఉంది. ఇంకో రెండు వరుసల కింద "వెల్లుల్లి పొడి ఒక చెంచా" అని ఉంది.

అయ్యా, ఆ రెండూ కుక్కకు పెట్టకూడనివి. కిస్మిస్ సంగతి నాకు అనుభవంతో తెలుసు. ఒక కుక్కను నా చేతులారా చంపుకున్నాను.

మా బేకరీ వెనుక వాకిట్లో ఒక నల్లకుక్క ఉండేది. దాన్ని బొగ్గు అని పిలిచేవాళ్ళం. చలికాలం రాత్రుళ్ళు బట్టీ గోడకు వీపు ఆనించి పడుకునేది. తెల్లవారుజామున మూడింటికి నేను తలుపు తీస్తే నాకంటే ముందు అదే లోపలికి వెళ్ళేది. 1998 డిసెంబరులో క్రిస్మస్ కేకుల పని నడుస్తోంది. ఆ రోజుల్లో కిస్మిస్ ఏరడమే ఒక పెద్ద పని. తొడిమలున్నవి, నలిగినవి, రంగు మారినవి పక్కన పడేసేవాళ్ళం. అలా ఏరి తీసేసినవి డబ్బా మూత నిండా పోగయ్యాయి. పారేయడం ఎందుకని బొగ్గు ముందు పెట్టాను. మూత మెరిసేలా నాకింది. ఆ రాత్రి వాంతి చేసుకుంది. మర్నాడు రొట్టె ముట్టలేదు, నీళ్ళు మాత్రం తాగుతూనే ఉంది. మూడో రోజుకు మూత్రం ఆగిపోయింది. నాలుగో రోజు తెల్లవారుజామున తలుపు తీసేసరికి గోడ పక్కన బిగుసుకుపోయి ఉంది.

ఎవరో విషం పెట్టారని అందరం అనుకున్నాం. ఎవరో ఏమిటి, నేను మనిషిని కూడా తేల్చేశాను. మా సందు మొదట్లో సైకిలు మరమ్మతులు చేసే ఒకాయన, రాత్రుళ్ళు కుక్క అరుపులకు నిద్ర పట్టడం లేదని అంతకు ముందు వారమే మా యజమానితో గొడవపడ్డాడు. సాక్ష్యం అక్కరలేకపోయింది. నలుగురి ముందు నిలబెట్టి "నీ పాపం ఊరికే పోదు" అన్నాను. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. చేతిలోని గాలిపంపు కింద పెట్టి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఆ మౌనం చూసి నా అనుమానం ఇంకా గట్టిపడింది.

అసలు సంగతి నాకు తెలిసింది కిందటేడు. మా మనవరాలు గరివిడి పశువైద్య కళాశాలలో చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు నేను మా కుక్క రస్కు కోసం పిండి కలుపుతుంటే (రస్కుల కోసం వచ్చి ఇంట్లో మనిషైపోయింది కనుక ఆ పేరు) డబ్బాలో మిగిలిన నాలుగు కిస్మిస్‌లు కూడా వేయబోయాను. ఆ పిల్ల నా మణికట్టు పట్టుకుంది. "తాతయ్యా, కిడ్నీలు పోతాయి" అంది. ఎలా పోతాయో వరుసగా చెప్పింది. ముందు వాంతులు, తరువాత తిండి మానడం, విపరీతమైన దాహం, చివరికి మూత్రం ఆగిపోవడం. ఆమె పాఠం చెబుతున్నట్టు చెబుతోంది, నాకు డబ్బా మూత కనిపిస్తోంది.

ద్రాక్షకూ కుక్కల కిడ్నీలకూ సంబంధం ఉందని 1998లో మా ఊళ్ళోనే కాదు, ఇతర దేశాల్లోనూ వైద్యులకు సరిగా తెలియదట. అమెరికాలో జంతువుల విషప్రయోగాల సమాచార కేంద్రానికి వచ్చిన ఫోన్లన్నీ కలిపి చూసినవారు, ద్రాక్ష తిన్న కుక్కలకే ఇలా ఎందుకవుతోందని గమనించి 2001 ప్రాంతంలో బయటపెట్టారు. ద్రాక్షలో ఏ పదార్థం వల్ల అవుతోందన్నది మరో ఇరవై ఏళ్ళు తేలలేదు. అది తేలడానికి దారి చూపింది మా బేకరీ అలమరలో ఉండే వస్తువే కావడం నన్ను ఆశ్చర్యపరిచింది. పిల్లల ఆట కోసం ఇంట్లో కలిపిన పిండిముద్దను ఒక కుక్క తింది. దానికి అచ్చం ద్రాక్ష తిన్న కుక్కకు వచ్చిన జబ్బే వచ్చింది. ఆ ముద్దలో వేసినది క్రీమ్ ఆఫ్ టార్టార్. గుడ్డు తెల్లసొన నురుగు నిలబడడానికి మేం చిటికెడు వేసే పొడి అదే. దానిలోనూ ద్రాక్షలోనూ ఉన్నది టార్టారిక్ ఆమ్లం. కారణం అదే కావచ్చని 2021లో ప్రతిపాదించారు. తరువాతి ఏడాది వచ్చిన వ్యాసంలో చింతపండు తిని కిడ్నీలు దెబ్బతిన్న కుక్కల సంగతి కూడా ఉందట. ద్రాక్ష రకాన్ని బట్టి, పండినదాన్ని బట్టి ఆ ఆమ్లం ఎక్కువ తక్కువలు అవుతుంది. అందుకే ఒక కుక్క గుత్తి తిని తిరుగుతుంది, మరో కుక్క నాలుగు గింజలకే పడిపోతుంది. "మా కుక్కకు ఎన్నోసార్లు పెట్టాం, ఏమీ కాలేదు" అని మీకు ఉత్తరాలు వస్తాయి. వాటిని నమ్మి ఊరుకోకండి.

వెల్లుల్లి, ఉల్లి చేసే కీడు వేరు. అవి నెత్తుటిలోని ఎర్రకణాలను పగలగొడతాయి. పచ్చివైనా, ఉడికించినవైనా, పొడి చేసినవైనా ఒకటే. పొడిలో నీరు ఉండదు కనుక చెంచాలో సరుకు ఇంకా ఎక్కువ. తిన్న రోజే తెలియదు, నాలుగైదు రోజులకు కుక్క నీరసించి చిగుళ్ళు పాలిపోయాక తెలుస్తుంది.

మాంసం తినే జంతువుకు పిండివంట ఎందుకని కొందరు అడుగుతారు. నేనూ అడిగాను. కుక్క మనిషి పెరట్లో చేరిన కాలం నుంచి దాని ఒంట్లో పిండిపదార్థాన్ని అరిగించే శక్తి పెరిగిందట. తోడేలుకూ దానికీ ఉన్న ఈ తేడాను జన్యువుల్లో చూసి 2013లో తేల్చారు. అయినా మన వాళ్ళకు పరిశోధన చెప్పాలా? గంజి, అన్నం తిని మన గుమ్మాల్లో ఎన్ని తరాల కుక్కలు పెరగలేదు. మనవరాలు ఇంకో కథ కూడా చదివి వినిపించింది. 1860 ప్రాంతంలో లండన్‌లో జేమ్స్ స్ప్రాట్ అనే ఆయన, ఓడల్లో మిగిలిన గట్టి బిస్కెట్లను రేవులో కుక్కలు ఎగబడి తినడం చూసి కుక్కల కోసమే బిస్కెట్లు తయారుచేయించి అమ్మాడట. అంతకు ముందు ఆయన అమ్మినవి పిడుగులు తగలకుండా ఇళ్ళ మీద పెట్టే కడ్డీలు. వ్యాపారమంటే అలా ఉండాలి.

వద్దన్నవాడు ఏం చేయాలో కూడా చెప్పాలి కనుక నా పద్ధతి రాస్తున్నాను. రెండు గ్లాసుల చోడిపిండి (పుస్తకాల్లో రాగిపిండి అంటారు, మా జిల్లాలో చోళ్ళంటేనే తెలుస్తుంది), ఒక గ్లాసు గోధుమపిండి, ఉడికించి మెదిపిన చిలగడదుంప లేదా తీపిగుమ్మడి ఒక గ్లాసు, ఒక గుడ్డు. చోడిపిండికి జిగురు ఉండదు, ఒక్కదాన్నే కాలిస్తే బిస్కెట్టు పొడైపోతుంది. గోధుమపిండి, గుడ్డు అందుకే. నీళ్ళు ముందే పోయకూడదు, దుంపలోని తడే చాలావరకు సరిపోతుంది. ఉప్పు, పంచదార, బెల్లం, సోడా, వనస్పతి ఏవీ అక్కరలేదు. రుచి చూసి చప్పగా ఉందని మీరు బాధపడవద్దు. తినేది మీరు కాదు.

మాంసం వాసన కావాలంటే పూసపాటిరేగ వైపు నుంచి వచ్చే ఎండు నెత్తళ్ళు నాలుగు వేయవచ్చు. ఉప్పు పట్టించనివి చూసి కొనండి, ఇసుక పోయేలా మూడు నీళ్ళలో కడిగి, ఆరబెట్టి, వేయించి పొడి చేయండి. ఆ పొడి కలిపిన రోజు మా రస్కు వంటింటి గడప మీద నుంచి కదలదు.

ముద్దను చపాతీకంటే మూడింతల మందంగా ఒత్తి, సోడా సీసా మూతంత ముక్కలుగా కోయండి. ఓవెన్ ఉంటే 160 డిగ్రీల దగ్గర అరగంట పైన. లేకపోతే అడుగు మందమైన గిన్నెలో ఇసుక పోసి, లోపల స్టాండు పెట్టి, మూత వేసి సన్నని సెగ మీద ముప్పావు గంట. అసలు పని దీని తరువాతే ఉంది, మీ వంటకంలో లేనిదీ అదే. కాలిన బిస్కెట్లను ఆర్పిన ఓవెన్‌లో అలాగే వదిలేసి, మర్నాడు మళ్ళీ సన్నని వేడి మీద తడి పూర్తిగా పోయేదాకా ఎండనివ్వాలి. రస్కు చేసేదీ ఇలాగే, రెండుసార్లు కాల్చి. బిస్కెట్ అన్న మాటకు కూడా రెండుసార్లు కాల్చినదనే అర్థమట. సముద్రపు గాలి తగిలే మన జిల్లాల్లో తడి మిగిలిన బిస్కెట్టుకు మూడో రోజునే బూజు పడుతుంది. బూజు గీకి కుక్కకు వేసే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. దయచేసి మానండి.

పదిహేను కిలోల కుక్కకు ఇలాంటివి రోజుకు రెండు చాలు. చిరుతిండి మొత్తం దాని రోజు తిండిలో పదో వంతు దాటకూడదని వైద్యుల లెక్క. పలాస జీడిపప్పు విషం కాదు, కానీ దానిలోని కొవ్వు కుక్క క్లోమానికి పడదు. చాక్లెట్, కోకో పొడి అసలు వద్దు. పులిసే పచ్చి పిండి కడుపులోకి వెళ్ళి అక్కడ కూడా పొంగుతూనే ఉంటుంది, అదీ ప్రమాదమే. పంచదార లేదని అమ్మే చూయింగ్ గమ్, మిఠాయిల మీద జైలిటాల్ అన్న మాట ఉందేమో చూడండి. మనుషులకు ఏమీ చేయని ఆ తీపి కుక్క నెత్తుటిలో చక్కెరను గంటలోపే పడేస్తుంది, కాలేయాన్నీ దెబ్బతీస్తుంది. ఉల్లిపాయలు తేలే సాంబారు, చింతపండు పులుసు కలిపిన అన్నం విసిరేయడం కంటే ఒట్టి అన్నంలో కాస్త మజ్జిగ పోయడం నయం.

పెద్దచెరువు గట్టు మీద ఉదయం నడకకు వచ్చేవాళ్ళు వీధికుక్కలకు తీపి బిస్కెట్ల పొట్లాలు విప్పి పోస్తుంటారు. వాళ్ళ మంచితనాన్ని తప్పుపట్టను. కానీ కిందటి నెల ఒకాయన పొట్లంలోంచి కిస్మిస్ ఉన్న కేకు ముక్కలు తీయడం చూసి పరుగెత్తాను. అరవై ఏడేళ్ళ వాడు పంచె ఎగగట్టి పరుగెత్తుతుంటే కుక్కలన్నీ నా వెంట పడ్డాయి, కేకు మాత్రం బతికిపోయింది.

సైకిలు ఆయన దగ్గరకు వెళ్ళాను. మనవరాలు చెప్పిన వారం రోజులకు గాని ధైర్యం చాలలేదు. ఇప్పటికీ అదే సందులో ఉన్నాడు, పంక్చర్ వేస్తున్నాడు. కిస్మిస్ కథంతా చెప్పి, తప్పు నాదేనన్నాను. ట్యూబును నీళ్ళలో ముంచి బుడగలు వస్తున్న చోట వేలు పెట్టి, తల ఎత్తకుండానే అన్నాడు: "మాస్టారూ, మీరు మానేసేదాకా పదిహేడేళ్ళు నేను మూడు లాంతర్ల జంక్షన్ దాకా నడిచి రొట్టె తెచ్చుకున్నాను. మీ రొట్టే బాగుండేది."

కాబట్టి నా కోరిక ఒకటే. వంటకానికి సగం పేజీ ఇచ్చారు. సవరణను చావుకబుర్ల పక్కన రెండు వరుసల్లో వేయకండి. అదే ఆదివారం పేజీలో, అంతే చోటులో, "కిస్మిస్ వద్దు, వెల్లుల్లి వద్దు" అని పెద్ద అక్షరాలతో వేయండి. ఆ పేజీ కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకున్నవాళ్ళు దాన్ని చించి ఇది అంటించుకోవాలి. కావాలంటే అదే తెల్ల బొచ్చుకుక్క ఫొటో మళ్ళీ వాడుకోండి.

ఇట్లు,
ఒక విశ్రాంత బేకరీ మాస్టారు,
కంటోన్మెంట్, విజయనగరం

తా.క.: వంటకం పంపినవారిని మందలించకండి. ఆ రెండు తప్పులూ తీసేస్తే మిగతా కొలతలు పొందికగానే ఉన్నాయి. వేడి మాత్రం 220 డిగ్రీలు అని రాశారు. అంత వేడికి పైన రంగు వచ్చేలోపు అడుగు మాడిపోతుంది.