ఆత్మకథలో నవ్వించిన పెద్దాయన సినిమాలో ఎక్కడున్నాడు?

సంపాదకులకు నమస్కారం.

మన హాస్య స్వీయచరిత్రలను సినిమాలుగా ఎందుకు తీయరని మీ ఆదివారం అనుబంధంలో ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న, దానికి వచ్చిన జవాబులు చూశాం. నిర్మాతలకు అభిరుచి లేదని కొందరు, జనానికి చదివే అలవాటు పోయిందని ఇంకొందరు తేల్చేశారు. అవీ కొంత నిజమే కావచ్చు. కానీ మంచి పుస్తకం, మంచి దర్శకుడు, చాలినంత డబ్బు మూడూ కుదిరాక కూడా ఇలాంటి సినిమా చప్పగా తేలడానికి కారణాలు వేరే ఉన్నాయి. కథా చర్చల్లోనూ ఎడిటింగ్ టేబుల్ దగ్గరా అవి రోజూ కనిపించేవే.

హాస్య స్వీయచరిత్రలో ఇద్దరుంటారు. డెబ్భయ్యో ఏట తీరిగ్గా కూర్చుని రాస్తున్న పెద్దాయన ఒకరు, ఫీజు కట్టలేక క్లాసులో బెంచీ ఎక్కిన కుర్రాడు ఇంకొకడు. పేరు ఒకటే గానీ మనుషులు ఇద్దరు. ఆ కుర్రాణ్ణి ఈ పెద్దాయన ఇంత దూరం నుంచి చూస్తున్నాడు కాబట్టే మనకు నవ్వొస్తుంది. కెమెరాకు దొరికేది కుర్రాడొక్కడే. పెద్దాయన్ను పుస్తకంలోనే వదిలేసి కుర్రాడి కష్టాలను మాత్రం తెర మీదికి తెస్తే, అదే సంఘటన, అవే మాటలు, ఏడుపు సినిమా అయి కూర్చుంటుంది.

ఫ్రాంక్ మెకోర్ట్ 1996లో రాసిన 'ఏంజెలాస్ యాషెస్' సంగతి చూడండి. ఐర్లండ్‌లోని లిమరిక్ ఊళ్ళో కటిక దరిద్రపు బాల్యం అది. తాగుబోతు తండ్రి, చనిపోయే పసిపిల్లలు, ఎప్పుడూ ఆరని గోడలు. అయినా చదివేవాడు మధ్యమధ్యలో పక్కున నవ్వుతాడు. 1999లో ఆలన్ పార్కర్ దాన్ని సినిమాగా తీశారు. వాన, బురద, ఆకలి అన్నీ నమ్మేలా ఉన్నాయి గానీ పుస్తకంలోని నవ్వు జారిపోయిందని అప్పట్లో చాలామంది విమర్శకులు అన్నారు. పనితనం తక్కువై అలా జరిగిందనుకోనక్కర్లేదు, ఎక్కువై జరిగింది. పుస్తకంలో 'తడి' అన్న మాట ఒకసారి పడితే పాఠకుడు తనకు కావలసినంతే తడుస్తాడు. తెర మీద ఆ తడి సెకనుకు 24 ఫ్రేముల్లోనూ ఉంటుంది. సన్నటి చేతుల పిల్లవాడు నిజంగా వణుకుతుంటే నవ్వడానికి ఎవరికీ మనసొప్పదు.

అందుకే ఇలాంటి సినిమాకు సీనును షాట్లుగా విడగొట్టే షాట్ డివిజన్ రాసేటప్పుడే ఒక సంగతి తేల్చుకోవాలి. ఆకలి, దెబ్బలు, అవమానం దూరం నుంచి తీసే వైడ్ షాట్‌లో పెడితే నవ్వుకు చోటుంటుంది. క్లోజప్‌లోకి వెళ్ళిన క్షణం జాలి మొదలవుతుంది, ఒకసారి మొదలైతే ఆ సీను ముగిసేదాకా పోదు. నేపథ్య సంగీతం చేర్చే రీరికార్డింగ్‌లో అక్కడ ఒక వేణువు ఊదారో, మిగిలిన కాస్త నవ్వూ అయిపోయినట్టే. దానికి విరుగుడుగా స్ప్రింగు సాగిన చప్పుళ్ళూ తుళ్ళిపడే క్లారినెట్టూ వేయడం ఇంకా ఘోరం. అలాంటి చోట అసలేమీ వాయించకపోవడం మేలు. సంగీత దర్శకుణ్ణి ఒప్పించడం ఎలాగో మాకూ పూర్తిగా తెలియదనుకోండి.

రెండో చిక్కు, కెమెరా దేన్నీ దాచలేదు. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిస్టర్ పార్వతీశం' నవలే అయినా, నడిచేదంతా స్వీయచరిత్ర పద్ధతిలోనే. 1940లోనే అది సినిమాగా వచ్చింది. పార్వతీశం ఆడవాళ్ళ టోపీని మగవాళ్ళదనుకుని ముచ్చటపడి కొనుక్కునే ఘట్టం అందరికీ గుర్తే. పుస్తకంలో ఆ టోపీని మనం అతని కళ్ళతోనే చూస్తాం, అతని మురిపెంతోనే మోస్తాం. సంగతి బయటపడినప్పుడు అతనితోపాటు మనమూ దెబ్బతింటాం. తెర మీద టోపీ కనిపించగానే హాలంతటికీ తెలిసిపోతుంది, తెలియనిది అతనొక్కడికే. అప్పుడది ఆశ్చర్యం నుంచి పుట్టే నవ్వు కాదు, 'వీడికెప్పుడు తెలుస్తుందా' అని ఎదురుచూసే నవ్వు. ఎదురుచూపు కూడా మంచి సరుకే. కానీ దానికి సీనును తిరగరాయాలి. టోపీ పెట్టుకుని అతను ఎంతమందిని దాటాలి, ఒక్కొక్కరు ఎలా చూడాలి, చివరికి ఎవరు చెప్పాలి అన్నది మెట్టు మెట్టుగా పేర్చుకోవాలి. పుస్తకంలోని వరసనే ఉంచేసి చివర్లో రహస్యం విప్పితే, అప్పటికి పది నిమిషాలుగా తెలిసిన సంగతే మళ్ళీ విన్నట్టుంటుంది. సొంత గొంతుతో చెప్పే ప్రతి హాస్య పుస్తకంలోనూ ఇలాంటి టోపీలు పదో పన్నెండో ఉంటాయి. వాటిని ముందే ఏరి పెట్టుకోవాలి.

పెద్దాయన గొంతు కావాలనగానే అందరికీ తట్టేది వాయిస్ ఓవర్, అంటే తెర వెనక నుంచి వినిపించే వ్యాఖ్యానం. ఇక్కడ కాస్త లెక్క చూడాలి. రెండొందల పేజీల పుస్తకంలో పేజీకి రెండొందల మాటలనుకుంటే మొత్తం 40,000. తెలుగులో నిమిషానికి నూరు మాటల చొప్పున చదివినా 400 నిమిషాలు, అంటే ఆరున్నర గంటల పైమాట. సినిమా నిడివి రెండుంపావు గంటలు. అందులో వ్యాఖ్యానం పది పన్నెండు నిమిషాలు మించితే రేడియో నాటకం విన్నట్టుంటుంది. కాబట్టి నలభై వేలలో దక్కేవి వెయ్యి, మహా అయితే పన్నెండొందల మాటలు. వాటిని ఎంచుకోవడంలోనే చాలామంది తప్పటడుగు వేస్తారు. పుస్తకంలో బాగా పేలిన వాక్యాలను ఏరి, ఆ వాక్యం చెప్పేదాన్నే కింద బొమ్మలో చూపిస్తారు. గొంతు చెప్పిందే బొమ్మ చూపిస్తే రెండింటిలో ఒకటి దండగ. 'మా నాన్న ఎవరి ముందూ తల వంచి ఎరగరు' అని గొంతు చెబుతుండగా, అద్దె వసూలుకొచ్చిన ఇంటాయన కంట పడకుండా ఆ నాన్న గోడవారగా వంగి పోతుండాలి. అతిశయోక్తికీ ఇదే దారి. పుస్తకంలో కోతలు రుచిగా ఉంటాయి. వాటిని ఉన్నదున్నట్టు తీస్తే కార్టూన్ అవుతుంది, తగ్గించి తీస్తే చప్పబడుతుంది. కోత గొంతుకు వదిలి, నిజం బొమ్మకు ఇస్తే రెండూ బతుకుతాయి.

1983లో వచ్చిన 'ఎ క్రిస్మస్ స్టోరీ' అనే అమెరికన్ సినిమాలో రచయిత జీన్ షెపర్డ్ తన గొంతుతోనే వ్యాఖ్యానం చెప్పుకున్నారు. తెర మీద పిల్లవాడు ఎంత గాభరా పడుతుంటే ఆ గొంతు అంత నింపాదిగా, అంత గొప్పగా సాగుతుంది. మన దగ్గర జరిగేది వేరు. ఎడిటింగ్ ఖరారై సినిమా లాక్ అయ్యాక, ఎక్కడెక్కడ అర్థం కావడం లేదో చూసి అక్కడ వ్యాఖ్యానం అతికిస్తారు. అది ప్రకటనలాగే వినిపిస్తుంది. షూటింగుకు ముందే ఎవరి గొంతుతోనైనా, ఫోన్‌లోనైనా సరే, తాత్కాలికంగా ఒక పైలట్ ట్రాక్ రికార్డు చేసుకోవాలి. షూటింగ్ జరిగే చోటే చేసే స్పాట్ ఎడిటింగ్‌లోనే దాన్ని బొమ్మ మీద వేసి చూడాలి. నటుడు గుమ్మం దాటడానికి నాలుగు సెకన్లు పట్టి, వాక్యానికి ఏడు పడితే, ఆ సంగతి సెట్టు ఇంకా నిలబడి ఉండగానే తెలియాలి.

ఎడిటింగ్ గురించి ఇంకొంచెం. పేజీ మీద జోకు ఎంతసేపు ఆగాలో కామా చెబుతుంది, పేరా చెబుతుంది, మిగతాది చదివేవాడి చేతిలో ఉంటుంది. తెర మీద ఆ పని ఎడిటర్‌ది. హాల్లో జనం నవ్వితే తర్వాతి డైలాగు మునిగిపోతుంది కాబట్టి నవ్వుకు ఒకటిన్నర నుంచి రెండు సెకన్లు, అంటే 36 నుంచి 48 ఫ్రేములు వదలాలి. అదే సినిమాను ఓటీటీలో ఒక్కడే కూర్చుని చూస్తే ఆ రెండు సెకన్లూ గుంటలా ఉంటాయి. రెండు చోట్లా నిలవాలంటే ఖాళీ బదులు అక్కడ ఒక ముఖం ఉండాలి. విన్నవాడి ముఖం. హాస్యం చెప్పేవాడిలో సగం, విని ఏమీ అనలేక ఊరుకున్నవాడిలో సగం. కానీ రష్, అంటే తీసిన ముడి ఫుటేజీ, చూస్తే చెప్పేవాడి క్లోజప్‌లు ఆరు టేకులుంటాయి, వినేవాడి భుజం మీదుగా తీసిన సజెషన్ షాట్‌లో అతని వీపు మాత్రమే ఉంటుంది. సీనులో మాట లేని ప్రతి మనిషికీ పదేసి సెకన్ల రియాక్షన్ విడిగా తీసుకోవాలి. దానికి పట్టేది ఇంకో పావుగంట. తీయనిదాన్ని ఎడిటర్ ఎక్కణ్ణుంచి తెస్తాడు?

ఇక కథ. మీ పాఠకులు అడుగుతున్న ముళ్ళపూడి వెంకటరమణ గారి 'కోతి కొమ్మచ్చి' లాంటి పుస్తకంలో ఒక కబురు మద్రాసు చిన్నతనంలో మొదలై చటుక్కున ఇరవై ఏళ్ళ అవతలికి దూకి, అక్కణ్ణుంచి ఇంకెక్కడికో పోతుంది. చదివేవాడికి ఆ దూకుడే ఆనందం. ప్రొడక్షన్ మేనేజర్‌కు ప్రతి దూకుడూ కొత్త సెట్టు, కొత్త బట్టలు, అదే పాత్రకు ఇంకో వయసు నటుడు. పుస్తకంలో ట్రామెక్కాం అంటే సరిపోతుంది. మద్రాసులో ట్రాములు 1953లోనే ఆగిపోయాయి, కాబట్టి సినిమాకు వీధితో సహా కట్టాలి. అంత ఖర్చు పెట్టాక దాన్ని అర నిమిషంలో దాటెయ్యడానికి ఎవరికీ చేతులు రావు. ఆ ట్రాములో జరిగిన చిన్న జోకు క్రేన్ షాట్ కింద నలిగిపోతుంది.

పైగా స్వీయచరిత్రలో 'నేను' చాలా మటుకు చూసేవాడే గానీ చేసేవాడు కాదు. చుట్టూ ఉన్న మామయ్యలూ మాస్టార్లే అన్నీ చేస్తారు. హీరోకు ఏదో ఒకటి కావాలి కదా అని కథా చర్చల్లో ఒక ప్రేమ ట్రాక్, ఒక శత్రువు, ఇంటర్వెల్ బ్యాంగ్ చేరతాయి. అవి చేరాక పుస్తకంలోంచి మిగిలేది పేరూ నాలుగు కామెడీ సీన్లూ. లేని శత్రువును పుట్టించే బదులు ఉన్నదాంట్లోంచే ఒక చిన్న కోరిక వెదకడం మేలు. సైకిలో, పరీక్షో, ఒక పెద్దమనిషి చేత శభాష్ అనిపించుకోవడమో, పుస్తకంలో ఎక్కడో ఒకచోట అది ఉండే ఉంటుంది. పాతికమంది బంధువులను కుదించి నలుగుర్ని చేయడం తప్పదు గానీ, పిసినారి బాబాయినీ దానకర్ణుడైన పెదనాన్ననూ ఒకే పాత్రలో కలిపితే ఇద్దరి నవ్వూ పోతుంది.

నటుడి సంగతి వేరే చెప్పాలా? తనను తాను పిరికివాడని, బద్ధకస్థుడని వెక్కిరించుకునే రచయిత పాత్రకు పెద్ద హీరో వస్తే మూడో డ్రాఫ్టుకల్లా ఆ పిరికితనం వినయంగా మారుతుంది. వయసు మారినా అంతే. బిల్ బ్రైసన్ తన అడవి నడక పుస్తకంలో నడివయసు మనిషి. 2015లో వచ్చిన 'ఎ వాక్ ఇన్ ది వుడ్స్' సినిమాలో ఆ పాత్ర వేసిన రాబర్ట్ రెడ్‌ఫర్డ్ డెబ్భై దాటినవారు. నడివయసువాడు పెద్ద సంచీ మోయలేక చతికిలబడితే వాడి డంబం చూసి నవ్వుతాం. డెబ్భై దాటినాయన కూలబడితే ఆయనకేమైనా అవుతుందేమోనని చూస్తాం.

భాష విషయంలో చెన్నైవాళ్ళకు ఒక మాట. పెరంబూరు, సౌకార్‌పేట ఇళ్ళలో తమిళం కలిసిన తెలుగు, గుమ్మిడిపూండి దాటితే వినిపించే నెల్లూరు యాస, ఇవే ఇలాంటి పుస్తకాలకు ప్రాణం. షూటింగులో వచ్చినట్టు మాట్లాడించి, డబ్బింగులో 'శుభ్రం' చేయడంతో సగం జోకులు అక్కడే పోతాయి. షూటింగులోనే మాటలు రికార్డు చేసే సింక్ సౌండుకు డబ్బు లేకపోతే కనీసం డబ్బింగ్ థియేటర్లో ఆ యాస మనిషి ఒకరు కూర్చోవాలి.

చివరగా, పుస్తకం హక్కులు కొనేముందు చేయాల్సినవి. మొత్తం ఒకసారి చదువుతూ, నవ్వొచ్చిన ప్రతి చోటా పక్కన ఒక గుర్తు పెట్టండి. జరిగినదాని వల్ల నవ్వొస్తే 'సం', మాట విరుపు వల్లనైతే 'మా', పెద్దాయన దూరం నుంచి చూడటం వల్లనైతే 'దూ'. 'సం' ఎక్కువుంటే హాయిగా తీయొచ్చు. 'మా' ఎక్కువుంటే రచయితకు ఆర్నెల్లు అదనంగా ఇవ్వాలి. 'దూ' ఎక్కువుండి, దర్శకుడు నాకు వాయిస్ ఓవర్ వద్దంటే, ఆ పెద్దాయన్ను ఒక పాత్రగా తెర మీదికి తీసుకురావాలి. అదీ వద్దంటే ఆ పుస్తకం వదిలేయడం నయం.

ఇలాంటి పుస్తకాల్లో ఉండేది బతికున్న బంధువులూ స్నేహితులూ. మరణశిక్ష పడిన హంతకుడు ఆటో శంకర్ ఆత్మకథ విషయంలో 1994లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, పబ్లిక్ రికార్డుల్లో ఉన్నదాన్ని దాటి ఒకరి సొంత జీవితం గురించి అనుమతి లేకుండా ప్రచురిస్తే చిక్కే. రచయితతో ఒప్పందం చేసుకున్నంత మాత్రాన ఆయన మేనత్త ఒప్పుకున్నట్టు కాదు. షూటింగయ్యాక లాయరు తీయించే సీన్లు ఎప్పుడూ పదునైనవే కాబట్టి, రాతపూర్వక అంగీకారాలు స్క్రిప్టు దశలోనే తెచ్చుకోవాలి.

అసలు ఇవి సినిమాలుగానే రావాలా అన్నది కూడా ఆలోచించాలి. ఇంగ్లండు పశువైద్యుడు జేమ్స్ హెరియట్ జ్ఞాపకాలు 1975లో సినిమాగా వచ్చాయి. జనం గుర్తుపెట్టుకున్నది మాత్రం 1978 నుంచి 1990 దాకా బీబీసీలో 90 భాగాలుగా వచ్చిన సీరియల్‌ను. వారానికో ఆవు, వారానికో మొండి రైతు. పెద్ద కథ అక్కర్లేదు, శత్రువు అక్కర్లేదు. కబుర్ల పుస్తకానికి ఆ నడక సరిపోతుంది. అందుకని రచయితలకూ వారి వారసులకూ మేం చెప్పేదొకటుంది. సినిమా హక్కులు ఇచ్చేటప్పుడు వెబ్ సిరీస్, టీవీ హక్కులను విడిగా రాయించుకోండి, గడువూ వేయించుకోండి. గడువు రాయకపోతే కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఐదేళ్ళుగా లెక్క, ప్రాంతం రాయకపోతే మన దేశం వరకే. 'శాశ్వతంగా, సకల మాధ్యమాల్లో' అని రాసి తెచ్చిన కాగితం మీద మాత్రం అక్కడికక్కడ సంతకం పెట్టకండి.

ఇట్లు,
కొందరు తెలుగు ఎడిటర్లు, కథారచయితలు
సాలిగ్రామం, చెన్నై